పదమూడుకి దిగువన

రాకుమారుడి పండిత సభ నుంచి ఉత్తరం వచ్చిన మంగళవారం నాడు మఠం భోజనశాలలో శనగల పులుసు, నిన్నటి రొట్టె. ఈస్టరు ముందరి ఉపవాసాల తపస్కాలం, రెండో వారం కనుక గుడ్డు, జున్ను మాట ఎత్తితే పాపం. మామూలుగా భోజనాల వేళ ఒక సన్యాసి మెట్టెక్కి నిలబడి పునీతుల చరిత్ర చదువుతుంటే తక్కినవాళ్ళు నోరు మెదపకుండా తింటారు. ఆ రోజు మఠాధిపతి పునీతులను పక్కనపెట్టి ఉత్తరం చదవమన్నాడు. మఠానికి పొగడ్త వచ్చినప్పుడు పునీతులు కాస్త ఆగగలరని ఆయన ఉద్దేశం కాబోలు.

తలుపు పక్కన, గాలి నేరుగా తగిలే బల్ల దగ్గర పనిసోదరులు కూర్చున్నారు. వాళ్ళకు లాటిన్ రాదు, అక్షరం రాదు. సన్యాసులు గుడిలో పాడే ప్రార్థనలకు బదులుగా వాళ్ళు జపమాల తిప్పుతూ ఇన్ని పరలోక జపాలని లెక్కపెట్టి చెప్పుకుంటారు. ఆ బల్ల చివర ఉన్నవాడు నెంచో. కూరతోట పని అతనిది, యాభై దాటిన మనిషి, నోట్లో నాలుక లేనివాడని పేరు.

"మీ మఠంలోని డోన్ ఇలారియో గారు రాసి పంపుతున్న చలి పట్టీ పదకొండు మఠాల పట్టీల్లోకెల్లా చక్కనిది," అని చదివాడు మెట్టు మీది సన్యాసి. "ఈ శీతాకాలమంతా చలి కొలిచే మీ గాజు పదమూడుకి దిగువకు ఎన్నడూ పోలేదు. నీరు గడ్డకట్టేదీ పదమూడు దగ్గరే. కాబట్టి చలికి ఒక అట్టడుగు ఉన్నదనీ, ఆ అడుగు మంచుగడ్డేననీ మా పండితులు తేల్చారు. జనవరిలో అంతోనివారి పండగనాటి ఉదయం కూడా మీ లెక్క పదమూడే. అదే ఉదయానికి సాన్ గెరార్దో మఠం నుంచి ఎనిమిదని వచ్చింది. లెక్క చెప్పినది మేవో అనే పనిసోదరుడట. తాగి చూశాడో, చూడకుండానే చెప్పాడో. మీ పట్టీ పుణ్యమా అని ఆ అబద్ధం బయటపడింది. వాళ్ళ మఠాధిపతి అతన్ని ఈస్టరు దాకా భోజనశాల నేలమీద కూర్చోబెట్టి రొట్టె, నీళ్ళు మాత్రమే పెడుతున్నారు."

పై బల్ల దగ్గర డోన్ ఇలారియో వినయంగా తల వంచుకున్నాడు. నెంచో చెంచా పులుసులోనే ఆగిపోయింది.

అంతోనివారి పండగ అతనికి బాగా గుర్తుంది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు గాడిదలనూ ఆవులనూ దీవెన కోసం మఠం గుమ్మం దాకా తోలుకొచ్చారు. దీవించవలసినవాడు డోన్ ఇలారియోనే. చల్లబోతే కుంచె తీర్థపు బిందెలోనే అంటుకుపోయింది. ఆయన మడమతో బిందెను తన్ని, లోపలి గడ్డను పగలగొట్టి, ముక్కలనే గాడిదల మీదకు విసిరాడు. ఒక గాడిద బెదిరిపోయింది, జనం నవ్వారు. ఆ రోజు నీళ్ళు గడ్డకట్టాయని భోజనశాలలో అందరికీ తెలుసు. పదమూడంటే గడ్డకట్టడమే కదా, ఇందులో ఎవరికీ తప్పు కనబడలేదు. కాని ఆ తెల్లవారుజామున గాజు చూసినవాడు నెంచో ఒక్కడే. ఏడు.

మూడేళ్ళ కిందట రాకుమారుడు పంపిన గాజులు రెండు. ఒకటి ఉత్తరపు గోడకు, ఒకటి దక్షిణపు గోడకు వేలాడుతుంటాయి. సన్నటి గొట్టం, అడుగున బుడగ, లోపల తేట సారా. గొట్టం పొడుగునా ఆవగింజంత గాజుపూసలు అతికించి ఉంటాయి, తొమ్మిది నల్లవి, పదోది తెల్లది, మళ్ళీ తొమ్మిది నల్లవి. వేడికి సారా పైకి పాకుతుంది, చలికి కిందికి దిగుతుంది. రోజుకి ఐదుసార్లు గంట కొట్టగానే వెళ్ళి, సారా ఏ పూస దగ్గరుందో చూసి చెప్పాలి. ఎండలో, వానలో, మోకాలి లోతు మంచులో చూడవలసిన ఈ పనికి పట్టీ మీద పేరున్న డోన్ ఇలారియో ఒక్కసారీ బయటికి రాలేదు. పూసలు లెక్కపెట్టడం పనిసోదరులకు పుట్టుకతో వచ్చిన విద్య అని పని నెంచోకి అప్పగించాడు. ఆ మాట ఎగతాళిగా అన్నాడు గాని అది నిజమే. నెంచో గాజుకు ఎదురుగా నిలబడడు, పక్కనుంచి వస్తాడు. గుడ్డ ముక్కు మీదికి లాక్కుని, ఊపిరి బిగబట్టి, కన్ను సారా ఎత్తుకు వచ్చేలా వంగుతాడు. మనిషి ఊపిరి తగిలితే సారా ఒక పూస పైకి పోతుందని మొదటి వారంలోనే కనిపెట్టాడు. ఎవరూ చెప్పలేదు.

భోజనాలయ్యాక వంటింట్లో గిన్నెలు తోముతూ గోస్తో అడిగాడు. వంట చేసే సోదరుడు వాడు, నోరు ఊరుకోదు.

"ఏంరా, ఉత్తరం వింటూ కొయ్యబారిపోయావ్? మెచ్చుకున్నది ఆయన్ని. నీకెందుకు చెమటలు?"

"ఆ రోజు ఏడు, గోస్తో. పదమూడు కాదు."

"ఏడైతే ఏంటి, పదమూడైతే ఏంటి? నా నీళ్ళ తొట్టి గొడ్డలెట్టి పగలగొట్టుకున్నాను. నాకదొక్కటే తెలుసు."

"ఆ మేవో నేలమీద కూర్చున్నాడు కదా."

"నీకు చుట్టమా?"

"ఎప్పుడూ చూళ్ళేదు."

"మరి నీకెందుకురా? రాకుమారుడు, మఠాధిపతి, డోన్ ఇలారియో అంతా ఓ పక్క. ఇంకో పక్క ఉల్లిపాయలు తవ్వేవాడివి నువ్వు. ఏనుగులు పోట్లాడుకుంటే మధ్యలో గడ్డిపరక దూరినట్టు!"

నెంచో గిన్నె తుడిచి బోర్లించాడు. వాడు చెప్పింది సబబే. అయినా నేలమీద కూర్చుని రొట్టె నములుతున్న మనిషి కళ్ళముందు నుంచి పోలేదు. ఎనిమిది చూసి ఎనిమిదని చెప్పాడు. అంతే కదా ఆయన చేసింది.

బుధవారం పొద్దున నెంచో చెప్పులు గుమ్మం బయట విడిచి రాతగదిలోకి వెళ్ళాడు. డోన్ ఇలారియో కుంపటి పక్కన కూర్చుని దగ్గుతూ పట్టీకి గీతలు గీస్తున్నాడు. చెడ్డమనిషి కాడు. నెంచోకి జ్వరం వస్తే తన గదిలోని తేనె పంపినవాడే. డిసెంబరులో మంచు పడ్డప్పుడు, బురదకాళ్ళతో రోజుకి ఐదుసార్లు గదిలోకి రావద్దనీ శనివారం వచ్చి వారం లెక్క ఒక్కసారే చెప్పమనీ చెప్పాడు. రెండు గాజులకు కలిపి డెబ్బై అంకెలు. గుర్తుండవని నెంచో పారలు పెట్టుకునే కొట్టంలో గోడమీద బొగ్గుతో గీసుకునేవాడు. పదికి సున్న, ఒకటికి గీత. శనివారం వెళ్ళి అవన్నీ వరసగా అప్పజెప్పేవాడు. డోన్ ఇలారియో కలం పట్టుకుని "ఊఁ, ఊఁ" అనేవాడు.

"తండ్రిగారూ, అంతోనివారి పండగనాడు నేను ఏడు చెప్పానండి."

"చెప్పావు."

"ఉత్తరంలో పదమూడని ఉందండి."

"నువ్వొచ్చేసరికి పట్టీ అయిపోయేది రా. శనివారం కూర్చుని డెబ్బై అంకెలు రాసే ఓపిక ఈ దగ్గుతో ఎక్కడిది? వారం మొదట్లోనే వేసేసేవాణ్ణి." ఆయన కలం కింద పెట్టాడు. "అయినా తప్పేముంది? నీళ్ళు గడ్డకట్టేది పదమూడు దగ్గర. కట్టాక ఇంక కట్టడానికి ఏముంది? గడ్డకట్టినదానికి మళ్ళీ గడ్డేంటి? చచ్చినవాణ్ణి మళ్ళీ చంపుతామా? నువ్వు ఏడనీ తొమ్మిదనీ అంటుంటే చలికి నీ కళ్ళు బైర్లు కమ్మాయనుకున్నా. ఆ అంకెలే పంపితే నీ పరువేం కాను? నిన్ను కాపాడాను రా."

"సాన్ గెరార్దోలో ఆయన ఎనిమిది చూశాడండి."

డోన్ ఇలారియో కుంపట్లో బొగ్గులు కదిపాడు.

"బల్దోవిని దొరగారు రేపొస్తున్నారు, సభ తరఫున. మన పట్టీ కళ్ళారా చూడాలిట. నీ కొట్టంలో గోడనిండా ఆ పిచ్చి గీతలు. ఇవాళ సున్నం కొట్టెయ్."

"తండ్రిగారూ..."

"ఆజ్ఞ, నెంచో."

సన్యాసి ఆజ్ఞ అన్నాక పనిసోదరుడికి ఇక మాట లేదు. మఠంలో చేరిన రోజున బలిపీఠం ముందు మోకరిల్లి ఒట్టు పెట్టుకున్నది దానికే. అయినా నెంచో వసారాలో మఠాధిపతి ఎదురుపడితే ధైర్యం చేసి నోరు విప్పాడు. సగం కూడా కాలేదు, ఆయన చెయ్యెత్తాడు.

"సన్యాసి మీద పనిసోదరుడు చాడీ చెప్పే ఆచారం ఇక్కడ లేదు నాయనా. శుక్రవారం తప్పుల సభ ఉంది కదా. అక్కడ ఎవడి తప్పు వాడు చెప్పుకోవాలి. ఎదుటివాడిది కాదు." మెత్తగానే అన్నాడు. ఆయనకు తెలియక అన్నాడో, తెలిసే అన్నాడో ఎవరూ చెప్పలేరు.

నెంచో సున్నం కలిపాడు. గోడ చిన్నదే. వేరే ఎవరైనా అయితే గంటలో ముగించి చేతులు కడుక్కునేవారు. అతనికి పొద్దుగుంకేదాకా పట్టింది. ప్రతి గుర్తు ముందూ కుంచె ఆపి నిలబడ్డాడు. ఇది మేకపిల్ల చచ్చిన రోజు, తొమ్మిది. ఇది బావి తాడు కర్రలా బిగిసిన రోజు, పది. ఇది అంతోనివారిది. ఇది ఆ మర్నాడు, కంచరగాడిద జారిపడింది, ఎనిమిది. పైకి గొణుక్కుని, కళ్ళు మూసుకుని మళ్ళీ గొణుక్కుని, అప్పుడు తెల్లగా పూసేవాడు. పదమూడుకి దిగువకు పోయిన ఉదయాలు ఇరవై మూడు. గోడ తెల్లబడేసరికి ఇరవై మూడూ అతని తలలో ఉన్నాయి. వాటితో ఏం చెయ్యాలో అప్పటికింకా తెలియదు. ఆజ్ఞ మాత్రం అక్షరాలా నెరవేర్చాడు.

గురువారం బల్దోవిని దొర వచ్చాడు. ఎర్రముక్కు, బూట్లనిండా బురద, నలభై ఏళ్ళుంటాయి. గుర్రం దిగిన మొదటి క్షణం నుంచీ చలికి ఉన్న అడుగు గురించే మాట్లాడాడు. అది తేల్చినవాళ్ళలో ఆయనొకడు. రాతగదిలో పట్టీ తిరగేసి మురిసిపోయాడు. "చూడండి, ఎంత నిలకడ! తక్కిన మఠాల పట్టీలు కోడి కెలికిన పెంటకుప్పల్లా ఉంటాయి. చదువుకున్న చెయ్యి పడితే ప్రకృతి కూడా బుద్ధిగా ఉంటుంది." డోన్ ఇలారియో దగ్గాడు. ఆ దగ్గు ఆ పూట కాస్త ఎక్కువే వచ్చింది. కట్టెలు తెచ్చి పడేస్తూ నెంచో అన్నీ విన్నాడు.

శుక్రవారం పొద్దున తప్పుల సభ. రాతి గదిలో చుట్టూ గోడ వెంట సన్యాసులు, తలుపు దగ్గర పనిసోదరులు. ఒకడు కునుకు తీశానన్నాడు. గోస్తో నూనె కూజా పగలగొట్టానన్నాడు. తర్వాత నెంచో మధ్యకు వెళ్ళి మోకరిల్లి నేలను ముద్దుపెట్టుకున్నాడు.

"గాజు చూసే పనిలో బద్ధకించానండి. సారా మంచుపూస దాటి దిగాక ఇంక లెక్కెందుకు, గడ్డకట్టినదానికి మళ్ళీ గడ్డేంటి అనుకున్నాను. ఏడున్నా తొమ్మిదున్నా పదమూడనే చెప్పాను. డోన్ ఇలారియోగారు నేను చెప్పిందే రాశారు. దానివల్ల సాన్ గెరార్దోలో ఒక సోదరుడు చెయ్యని తప్పుకి నేలమీద కూర్చున్నాడు. ఇది నా తప్పు."

మూడేళ్ళలో రోజుకి ఐదుసార్లు అంకె చెప్పిన నోటి నుంచి అబద్ధం రావడం అదే మొదలు. చెప్పాక అతనికి ఒళ్ళు తేలిక కాలేదు, సిగ్గేసింది. గోడ పక్కన డోన్ ఇలారియో తలమీద ముసుగు కిందికి లాక్కున్నాడు. తన మాటలు అక్షరం పొల్లుపోకుండా ఎదుటివాడి నోట వింటున్నాడు. లేచి ఒక్క ముక్క అంటే సరిపోయేది. అనలేదు.

మఠాధిపతి తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. పనిసోదరుడి బద్ధకం ఏ మఠంలోనైనా ఉండేదే, దానివల్ల ఎవరి మర్యాదా పోదు. నెంచోని వెంటబెట్టుకుని దొర దగ్గరికి తీసుకెళ్ళి సంగతి చెప్పాడు. డోన్ ఇలారియో కూడా వెనకే వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

దొర ముఖంలో నెత్తురు చుక్క లేదు. చలికి అడుగు ఉందన్న తన నియమం కాళ్ళకింద నుంచి జారిపోతోంది.

"అయితే అంతోనివారి పండగనాడు నిజంగా ఎంత?"

"ఏడండి."

"ఆ రోజు మా ఫ్లోరెన్సు తోటలో గాజు తొమ్మిది చూపించింది," అన్నాడు దొర మెల్లగా. "ఇక్కడ కొండమీద పదమూడుంటే ఊళ్ళో తొమ్మిదేమిటని, మా గాజే చెడిపోయిందనుకున్నాం. ఆ అంకె నేనే కొట్టేశాను." తర్వాత కాగితం తీశాడు. "ఇంకా ఏయే రోజులు?"

నెంచో మొదలుపెట్టాడు. మేకపిల్ల చచ్చిన రోజు, లూసియమ్మ పండగ మర్నాడు, తొమ్మిది. బావి తాడు బిగిసిన రోజు, పది. కంచరగాడిద పడ్డ రోజు, ఎనిమిది. వరసగా, తడబాటు లేకుండా చెప్పాడు. దొర కలం పరిగెత్తింది. పదిహేనో ఉదయం దగ్గర ఆగింది.

"లెక్కపెట్టడానికి బద్ధకించానన్నావు కదా. మరి ఇవన్నీ ఎలా గుర్తున్నాయి నీకు?"

నెంచోకి అబద్ధం కొత్త, దానికి తోకలు కూడా ఉంటాయని అతనికి తెలియదు.

"చదువు రానివాళ్ళకి జ్ఞాపకం ఎక్కువ లెండి," అన్నాడు మఠాధిపతి.

దొర కలం బల్లమీద పెట్టాడు. నెంచో పగిలిన చేతులను చూశాడు, కిటికీ దగ్గరి ముసుగును చూశాడు. తెలివితక్కువవాడు కాడు. సన్యాసి పట్టీ తప్పని ఈ మనిషి చెప్పి ఉంటే తను నమ్మి ఉండేవాడు కాదు, ఎవరూ నమ్మరు. తనమీద తాను చెప్పుకున్నాడు కాబట్టి నమ్మవలసి వచ్చింది. దొర కలం మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"పదహారోది చెప్పు," అన్నాడు.

శనివారం దొర సాన్ గెరార్దోకి ఉత్తరం పంపి తానూ బయలుదేరాడు. మేవో ఆ ఆదివారానికే బల్ల దగ్గరికి చేరి ఉంటాడు. ఇక్కడ నెంచో నేలమీదకు చేరాడు. ఈస్టరు దాకా రొట్టె, నీళ్ళు. గాజుల దగ్గరికి పోకూడదు, వాటివంక చూడకూడదు. మొదటి శిక్ష అతనికి పెద్దగా పట్టలేదు. రెండోదానికి రాత్రి కాసేపు ఏడ్చాడు.

"పిచ్చివాడివిరా నువ్వు," అన్నాడు గోస్తో, ఎవరూ చూడకుండా రొట్టె కింద ఉల్లిపాయ దాచి పెడుతూ. "ముక్కూమొహం తెలియనివాడి కోసం!"

చదువురానివాళ్ళ లెక్క ఇక నమ్మదగినది కాదనీ, పట్టీ రాసే చెయ్యే గాజు కూడా చూడాలనీ దొర వెళ్తూ రాసిపెట్టి వెళ్ళాడు. అందువల్ల సోమవారం తెల్లవారి గంటకు డోన్ ఇలారియో దుప్పటి కప్పుకుని ఉత్తరపు గోడ దగ్గరికి వచ్చాడు. రాత్రి మబ్బు విడిచిపోయి, మార్చి అయినా నేలంతా తెల్లటి మంచు పట్టింది. నెంచో గోడకు వీపు పెట్టి మడి గట్లు తవ్వుతున్నాడు. వెనక ఆయాసం, దగ్గు, గొణుగుడు వినబడుతున్నాయి.

"పదమూడు... కాదు, పద్నాలుగు. ఇందాక పన్నెండు కదా! ఒరే నెంచో, ఇది నిలవదేంటిరా? ఒకసారి చూడు."

"నేను చూడకూడదండి."

"ఎవరున్నారిక్కడ?"

"ఆజ్ఞ కదండీ తండ్రిగారూ."

నెంచో పార దింపి తలతిప్పకుండానే అన్నాడు. "ఎదురుగా నిలబడకండి, పక్కకి రండి. ముక్కుకి గుడ్డ కట్టుకోండి. మీ ఊపిరికి అది పైకి పాకుతోంది. కాసేపు దూరంగా ఆగి, దాన్ని దిగనిచ్చి, అప్పుడు ఊపిరి బిగబట్టి వంగండి. తెల్లపూస దగ్గర మొదలెట్టి లెక్కపెట్టుకోండి."

డోన్ ఇలారియో దూరంగా వెళ్ళి ఆగాడు. కాళ్ళు మార్చి మార్చి నిలబడ్డాడు. పళ్ళు టకటకలాడుతున్న చప్పుడు తోటలోకి వినబడింది. చాలాసేపటికి మళ్ళీ దగ్గరికి వచ్చాడు. ఈసారి దగ్గు కూడా వినబడలేదు.

"పదకొండు," అన్నాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. "పదకొండే. పదకొండుకే వేళ్ళు నావి కానట్టున్నాయి. ఏడు దగ్గర ఎట్లా నిలబడ్డావురా?"

నెంచో మట్టిగడ్డ ఒకటి పారతో చితక్కొట్టాడు.

"చూసేంతసేపే కదండీ," అన్నాడు. "ఇంక లోపలికెళ్ళండి, మీకు దగ్గు. వెళ్ళి రాసుకోండి."

డోన్ ఇలారియో వెళ్ళలేదు. దుప్పటి సర్దుకుని, దక్షిణపు గోడ వైపు నడిచాడు. అక్కడ రెండో గాజు చూడవలసి ఉంది.